చెక్క తుపాకి, ఖాకీ టోపీ

మహారాష్ట్రలోని సిరొంచ తాలూకాలో గ్లాస్‌ఫర్డ్‌పేట అనే ఊరుంది. పేరులో ‘పేట’ మనది, ముందున్నది ఒక తెల్లదొరది. 1860లో నిజాం గోదావరి ఎడమ గట్టు తాలూకాలను ఇంగ్లీషువాళ్లకు అప్పగించాడు. ఆ తర్వాత సిరొంచ ముఖ్యపట్టణంగా అప్పర్ గోదావరి జిల్లా నడిచింది. దానికి డిప్యూటీ కమిషనర్‌గా పనిచేసినవాడు కెప్టెన్ గ్లాస్‌ఫర్డ్. 1874లో ఆ జిల్లా రద్దై సిరొంచ చాందా జిల్లాలో కలిసిపోయింది. 1982లో గడ్చిరోలి జిల్లా అయినప్పుడు సిరొంచ అందులోకి వచ్చింది. జిల్లాలు మారాయి, ఏలేవాళ్లు మారారు, దొర పేరు మాత్రం ఊరికి అతుక్కుని ఉండిపోయింది.

దొర వేషం ఇంకొకరికి అతుక్కుంది. ప్రాణహిత దాటితే తెలంగాణ. అక్కడి పల్లెల్లో పిట్టల దొర తెలియని పెద్దవాళ్లు ఉండరు. తుపాకి రాముడనీ, తుపాకి వెంకట్రాముడనీ, లత్కోర్ సాబ్ అనీ పేర్లు వేరు, మనిషి ఒకడే. అతుకుల ఖాకీ లాగు, నడుముకు వెడల్పాటి పటకా, నెత్తిన టోపీ, ఛాతీ మీద బిళ్లలు, భుజాన చెక్క తుపాకి. వాడకట్టులో అడుగు పెట్టగానే సలాం కొట్టి కోతలు మొదలుపెడతాడు. లేని కోటలు, లేని ఏనుగులు, లేని జీతగాళ్లు. గుండు లేని తుపాకితో కొట్టిన వేట సంగతి ఊపిరి తిప్పుకోకుండా చెప్పుకుపోతాడు. ఒక్క మనిషే నాటకం, ఒక్క మనిషే కంపెనీ. తెర లేదు, దీపం లేదు, టికెట్టు లేదు.

ఈ వేషం ఎట్లా పుట్టిందంటే పెద్దలు వేటకొచ్చే దొరలనే చూపిస్తారు. నది అవతల తెల్లవాడు, ఇవతల గడీలో దేశముఖు, ఇద్దరినీ జనం ఒకే మాటతో పిలిచారు: దొర. దొర గానీ అధికారి గానీ ఊరి మీదికి వస్తే బండ్లు, కోళ్లు, మనుషులు అన్నీ వెట్టికే. అట్లాంటి దొర ముందు నవ్వడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. అందుకే నవ్వు పక్కదారి పట్టింది. దొర టోపీ, దొర తుపాకి, దొర గొప్పలు ఒక బక్కమనిషి ఒంటి మీదికి వచ్చాయి. నా మట్టుకు ఈ వేషంలో అసలు చమత్కారమంతా పేరులోనే ఉంది. పులిని కొట్టిన దొర కాదు, పిట్టల దొర. బిరుదు ఆకాశంలో, వేట పిచ్చుకంత.

పిట్టల దొర మాటతీరు కూడా ఆ దొరల దగ్గర్నుంచే వచ్చిందనుకుంటాను. నిజాం కచేరీల్లో 1880లలో పార్సీ పోయి ఉర్దూ కుదురుకుంది. నదికి ఆవల ఇంగ్లీషు, మరాఠీ. తెలుగు రైతుకు హుకుం ఎప్పుడూ తనది కాని భాషలోనే వినిపించింది. పిట్టల దొర ఆ ముక్కలన్నీ ఏరుకుని తెలుగులో కలిపి గడగడా వల్లిస్తాడు. అర్థం అక్కర్లేదు, దర్పం ఉంటే చాలు. దర్పమంటే ఏమిటో చెవులకు తెలిసినవాళ్లు కడుపుబ్బా నవ్వారు.

సిరొంచ నుంచి ఉత్తరానికి పోతే, ఇదే గడ్చిరోలి జిల్లాలో, నవ్వుకు వేదిక దొరికిన తీరు కనబడుతుంది. ఝాడీపట్టి రంగభూమి అంటారు. ఝాడీ అంటే అడవి. పంట కోతలయ్యాక దండార్, ఖడీ గమ్మత్ అనే జానపద ఆటలు ఆడిన ఊళ్లలోనే తెల్లవారే దాకా నడిచే నాటకాలు పెరిగాయి. పగలు శంకర్‌పట్ ఎడ్ల పందేలకు చుట్టాలొస్తే, రాత్రికి వాళ్లకోసం నాటకం. వడ్సాలో నాటక కంపెనీలే వెలిశాయి. కుర్ఖేడా తాలూకా గుర్నోలికి చెందిన పరశురామ్ ఖుణే 5000కు పైగా ప్రదర్శనల్లో 800 రకాల పాత్రలు వేశారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ వార్త చదివి నాకు నిజంగా సంతోషమేసింది, వెంటనే పిట్టల దొర గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. పిట్టల దొరకు కనీసం ఒక అరుగైనా కట్టివ్వలేదు మనం. 1996లో ‘పిట్టల దొర’, 2019లో ‘తుపాకి రాముడు’ అని సినిమాలు వచ్చాయి. నాయకులు ఒకరినొకరు తిట్టుకోవడానికి ఆ పేరు వాడుకుంటున్నారు. వేషం వేసి ఇల్లిల్లూ తిరిగిన కళాకారుడి పేరు మాత్రం ఎక్కడా కనబడదు.

నాకు ఆ ఆటలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం చివరిది. ఏనుగుల లెక్క పూర్తవుతుంది, కోటల పంపకాలు అయిపోతాయి. అప్పుడు దొరవారు భుజాన ఉన్న జోలె విప్పి గుప్పెడు బియ్యం అడుగుతారు. ఆ ఇంటామె చేటలో బియ్యం తెచ్చి పోస్తుంది. ఒక్కోసారి ఇంట్లో పాత అంగీ ఏదైనా ఉంటే అదీ ఇస్తుంది. వచ్చే ఏడు దొర ఒంటి మీద కొత్త అతుకు అదే.