డాడ్స్ ఆర్మీ: లుప్తభాగముల అన్వేషణ చరిత్ర

డాడ్స్ ఆర్మీ: బ్రిటిష్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్ (బి.బి.సి.) వారు 1968 జులై 31 మొదలు 1977 నవంబరు 13 వరకు తొమ్మిది శ్రేణులలో, మొత్తము 80 భాగములుగా ప్రసారము చేసిన టెలివిజన్ హాస్య ధారావాహిక. ద్వితీయ ప్రపంచ సంగ్రామకాలమున ఇంగ్లండు దక్షిణ సముద్రతీరమందలి వాల్మింగ్టన్-ఆన్-సీ అను కల్పిత పట్టణమును శత్రువుల బారినుండి కాపాడుటకు పూనుకొనిన ముదుసలులయు, కుఱ్ఱవాండ్రయు స్వచ్ఛంద దళము దీనికి ఇతివృత్తము. 1969లో ప్రసారమైన రెండవ శ్రేణియందలి మూడు భాగముల చిత్రప్రతులు మాత్రము నేటికిని లభింపలేదు. కావున అవి టేపులుగా గాని డిస్కులుగా గాని మూలరూపమున విపణికి ఎన్నడును రాలేదు. అవి నశించిన విధమును, వానికొఱకు జరిగిన అన్వేషణమును ఈ వ్యాసమున వివరింపబడుచున్నవి.

చారిత్రక నేపథ్యము. 1940 మే నెలలో జర్మను సేనలు ఫ్రాన్సు దేశమును ముంచెత్తుచుండగా, బ్రిటిష్ యుద్ధమంత్రి ఆంథొనీ ఈడెన్ మే 14వ తేదీ రాత్రి రేడియోలో ప్రసంగించుచు, సైన్యమున చేరని పదునేడు మొదలు అఱువదియైదు వత్సరముల పురుషులు స్థానిక రక్షణకు స్వచ్ఛందముగ ముందునకు రావలసినదని కోరెను. ప్రసంగము ముగియకమునుపే పోలీసుఠాణాల యెదుట జనులు బారులు తీరిరని చెప్పుదురు. జులై నెలలో ఈ దళమునకు హోమ్ గార్డు అను నామము స్థిరపడినది. అప్పటికి అందు చేరినవారు సుమారు పదునైదు లక్షలు. తొలినాళ్లలో తుపాకులు చాలక వేటతుపాకులతోను చీపురుకఱ్ఱలతోను కవాతు చేసిన ఈ దళము 1944 డిసెంబరు 3న విధులనుండి విరమించెను. శత్రుసైన్యము ఇంగ్లండు తీరమున ఎన్నడును దిగకపోవుటచే, ఈ సేన ధైర్యము పరీక్షకు నిలువకయే చరిత్రకెక్కినది; హాస్యమునకు ఇంతకన్న అనువైన వస్తువు అరుదు.

రచనోత్పత్తి. ధారావాహికకు మూలపురుషుడు జిమ్మీ పెర్రీ. ఇతడు బాల్యమున వాట్‌ఫర్డ్ పట్టణపు హోమ్ గార్డు దళమున స్వయముగ పనిచేసినవాడు. పిదప సైన్యమున చేరి మన దేశమున నాసిక్ సమీపమందలి దేవలాలీ శిబిరమున సైనికుల వినోదమునకై నాటకబృందమును నడపినవాడు. 1967 వేసవిలో, లండనునందు జోన్ లిటిల్‌వుడ్ నాటకసంస్థలో చిన్నచిన్న వేషములు వేసికొనుచు కాలము గడుపుచుండగా, బకింగ్‌హామ్ రాజప్రాసాదము నొద్ద పహరా మార్పు చూచుచు నిలిచిన ఇతనికి, తన యౌవనారంభమున అదే నగరమును కావలికాచిన ముదుసలి దళములు స్మరణకు వచ్చినవట. గర్విష్ఠుడైన పెద్ద, జ్ఞానవృద్ధుడు గాని వయోవృద్ధుడు, లోకము తెలియని బాలుడు అను త్రయమును విల్ హే అను హాస్యనటుని చలనచిత్రముల నుండి గ్రహించితినని పెర్రీ దాచక చెప్పుకొనెను. తన రచనను అతడు డేవిడ్ క్రాఫ్ట్ అను నిర్మాతకు అందజేయగా, క్రాఫ్ట్ దానియందలి సారమును వెంటనే గుర్తించి సహరచయితయై చేయి కలిపెను. పెర్రీ పెట్టిన పేరు "ది ఫైటింగ్ టైగర్స్"; దానిని తొలగించి నేటి పేరు నిచ్చినవాడు హాస్యవిభాగాధిపతి మైఖేల్ మిల్స్. దేశము తన ఆపత్కాలమున చూపిన పట్టుదలను అపహసించుట అగునేమో యని బి.బి.సి. అధికారులలో కొందఱు శంకించిరి. శత్రుసేనల, శరణార్థుల చిత్రములతో క్రాఫ్ట్ కూర్చిన ప్రారంభదృశ్యములను బి.బి.సి. మొదటి చానలు అధిపతి పాల్ ఫాక్స్ అంగీకరింపకుండుటచే మార్పవలసి వచ్చినది.

పాత్రధారులు. కప్తాను మ్యానరింగ్‌గా ఆర్థర్ లో, సార్జెంటు విల్సన్‌గా జాన్ లె మెజరియర్, లాన్సు కార్పొరల్ జోన్స్‌గా క్లైవ్ డన్, ఫ్రేజర్‌గా జాన్ లారీ, గాడ్‌ఫ్రేగా ఆర్నల్డ్ రిడ్లీ, వాకర్‌గా జేమ్స్ బెక్, పైక్‌గా ఇయాన్ లావెండర్ నటించిరి. వీరిలో పెద్దవారు యుద్ధమును గ్రంథములలో చదివినవారు గారు. రిడ్లీ 1916లో సోమ్ యుద్ధభూమిపై తీవ్రముగ గాయపడినవాడు. లారీ ప్రథమ సంగ్రామమున సైనికుడు, ద్వితీయ సంగ్రామమున హోమ్ గార్డు. డన్ గ్రీసు దేశమున శత్రువులకు చిక్కి బందీగా వత్సరములు గడిపినవాడు. లె మెజరియర్ భారతదేశపు వాయవ్యసరిహద్దున టాంకుదళమున అధికారిగా నుండినవాడు. తమ అనుభవమును ఇట్లు నవ్వుగా మార్చి పంచిపెట్టగలుగుట ఆ తరమువారికే చెల్లినది.

రెండవ శ్రేణి. మొదటి శ్రేణి 1968లో ఆఱు భాగములుగా వెలువడి, నానాటికి ప్రేక్షకుల నాకర్షించెను. 1969 మార్చి 1 మొదలు ఏప్రిల్ 5 వరకు శనివారములందు మఱి యాఱు భాగములు వెలువడెను. అవి వరుసగా: "ఆపరేషన్ కిల్ట్", "ది బాటిల్ ఆఫ్ గాడ్‌ఫ్రేస్ కాటేజ్", "ది లోన్లీనెస్ ఆఫ్ ది లాంగ్-డిస్టెన్స్ వాకర్", "సార్జెంట్ విల్సన్స్ లిటిల్ సీక్రెట్", "ఎ స్ట్రైప్ ఫర్ ఫ్రేజర్", "అండర్ ఫైర్". ఇవి నలుపు తెలుపులలో చిత్రింపబడినవి. అదే సంవత్సరము సెప్టెంబరునుండి మూడవ శ్రేణి వర్ణములలో నిర్మింపబడినను, బి.బి.సి. మొదటి చానలున వర్ణప్రసారము నవంబరు 15నగాని ఆరంభము గాకుండుటచే, అందలి తొలి భాగములనుసైతము జనులు మొదట వర్ణరహితముగనే చూచిరి. 1970ల తొలినాళ్లలో ప్రేక్షకుల సంఖ్య కోటి యెనుబది లక్షల వఱకు పెరిగినది. 1971లో కొలంబియా సంస్థవారి చలనచిత్రము వచ్చెను. ఇంతటి ప్రఖ్యాతి వచ్చిన తరువాత రెండవ శ్రేణి ప్రతులు బి.బి.సి. చేతనే చెఱపబడెననిన నమ్మశక్యముగా నుండదు.

నాశకారణములు. ఆ కాలపు ప్రసారములు రెండంగుళముల వెడల్పుగల వీడియోటేపుపై ముద్రింపబడుచుండెను. 1956లో ఆంపెక్స్ సంస్థ వెలువరించిన ఈ సాధనము చిత్రమును ముద్రించుటతో పాటు చెఱిపి మరల వాడుకొనుటకు కూడ వీలయినది. టేపు ఖరీదు ఎక్కువ, ఆక్రమించు తావు ఎక్కువ. దానికి తోడు నటుల సంఘముతో కుదిరిన ఒడంబడికలు పునఃప్రసారమును కొన్ని మారులకు, కొంత కాలమునకు మాత్రమే పరిమితము చేసెను. గడువు తీరిన టేపు తిరిగి చూపుటకు పనికిరాదు, చెఱిపినచో క్రొత్త కార్యక్రమమునకు పనికివచ్చును. లెక్కలు చూచుకొను గుమాస్తాకు ఇక సందేహమేమి యుండును? గృహములలో టేపులుంచుకొని ఇచ్చవచ్చినపుడు చూచు దినములు వచ్చునని ఆనాడు పెద్దలెవ్వరును ఊహింపలేదు.

టేపునుండి పదునాఱు మిల్లీమీటరుల ఫిల్ముపైకి ప్రతులు తీసి విదేశములకు అమ్ముటయు కలదు. మూలము చెఱిగినను ఇట్టి ఫిల్ము ప్రతి యొకచోట మిగిలియున్నచో కార్యక్రమము బ్రతికినట్లే. కాని అమ్మకపు హక్కులు తీరిన పిమ్మట ఈ రీళ్లను సైతము నాశనము చేయుటయే ఆచారముగా నుండెను. టేపుల విభాగమువారు ఫిల్ము గ్రంథాలయమున ప్రతి కలదనియు, ఫిల్ము గ్రంథాలయమువారు టేపుల విభాగమున కలదనియు భావించుచు నుండిరి. ఈ రెండు విశ్వాసముల నడుమ "డాక్టర్ హూ" మొదలగు ఎన్నో ధారావాహికల భాగములు వందలకొలది నశించినవి. 1978లో బి.బి.సి.వారు భాండాగారమునకు నిర్దిష్టమైన విధానము నేర్పఱచి, నిలుపదగినవానిని ఎంచుటకు ప్రత్యేకాధికారిని నియమించుటతో ఈ వినాశము ఆగెను. అప్పటికి డాడ్స్ ఆర్మీ రెండవ శ్రేణిలో సార్జెంట్ విల్సన్ భాగమొక్కటియే సంస్థ చేతిలో మిగిలెను.

అన్వేషణము. 1980లయందు సేకరణాభిలాషులును పాతచిత్రముల వర్తకులును అచ్చటచ్చట విచారించుటతప్ప ఏమియు తేలలేదు. 1993 నుండి బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వారు "మిస్సింగ్ బిలీవ్డ్ వైప్డ్" అను పేర దొరకిన పాతకార్యక్రమములను ప్రజలకు చూపు సభలను నడుపుచు, దొరకనివాని జాబితాలను ప్రచారము చేసిరి. 2001లో బి.బి.సి. స్వయముగ "ట్రెజర్ హంట్" అను ఉద్యమమును ఆరంభించి, తాను చెఱిపినవానిని ఇండ్లలో, అటకలలో, తోటలలోని కొట్టములలో వెదకి తెమ్మని ప్రజలను ప్రార్థించెను.

ఆ సంవత్సరముననే "ఆపరేషన్ కిల్ట్", "ది బాటిల్ ఆఫ్ గాడ్‌ఫ్రేస్ కాటేజ్" అను రెండు భాగముల ఫిల్ము ప్రతులు లభించుట ఈ చరిత్రలో అత్యంత ముఖ్యఘట్టము. 1970ల ఆరంభమున ఒక చిత్రనిర్మాణశాల వెలుపల చెత్తలో పాఱవేయబడిన రీళ్లను ఒకరు ఏరి తెచ్చి, తోటలోని కొట్టమున త్రుప్పుపట్టిన డబ్బాలలో దాదాపు మూడు దశాబ్దములు దాచియుండిరి. ఫిల్ముపై గీతలును మరకలును ఉన్నను, బి.బి.సి. నిపుణులు వానిని శుద్ధిపఱచి అదే యేడు తిరిగి ప్రసారము చేసిరి. 2004లో మొదటి శ్రేణితో పాటు డిస్కుగా విపణికి వచ్చెను. పాఱవేయుమని ఆజ్ఞాపించినవారి పేరు ఎవరికిని అక్కఱలేదు. ఏరి దాచిన చేతుల మేలు మాత్రము చిరస్మరణీయము.

మిగిలిన మూడు భాగములు. వీనిలో "ది లోన్లీనెస్ ఆఫ్ ది లాంగ్-డిస్టెన్స్ వాకర్" నష్టము మిక్కిలి శోచనీయము. దొంగచాటుగా సరకులమ్ముకొను వాకర్‌కు సైన్యమునుండి పిలుపు రాగా, నిల్వమాంసము, విస్కీ, మేజోళ్లు ఇక దొరకవను భయముతో దళమంతయు అతనిని వదల్చుకొనరాక చేయు ప్రయత్నములు, తుదకు డబ్బాలోని గోమాంసము అతని ఒంటికి పడదని తేలి సైన్యమే విడిచిపుచ్చుట ఇందలి కథ. వాకర్ వేషధారి జేమ్స్ బెక్ 1973 ఆగస్టులో నలుబది నాలుగేండ్లకే మరణించెను. అతడు ప్రధానపాత్రయైన ఆ భాగము కానరాకుండుట అతని కీర్తికి పెద్ద లోటు. "ఎ స్ట్రైప్ ఫర్ ఫ్రేజర్" నందు ఒక చిన్న పట్టీ ముదుసలి ఫ్రేజర్ తలకెక్కి, తోడివారిపై నేరములు మోపుటకు దారితీయును. "అండర్ ఫైర్" లో నిప్పుబాంబులు కురియు రాత్రివేళ దీపపు సంకేతములపై కలిగిన అనుమానము కథావస్తువు.

2008లో "ఎ స్ట్రైప్ ఫర్ ఫ్రేజర్" భాగము ధ్వని మాత్రము ఒక టేపుపై బయటపడినది. టెలివిజన్ యెదుట టేపురికార్డరు నుంచి ధ్వనిని ముద్రించుకొను అలవాటు ఆ కాలమున కొందఱు గృహస్థులకు ఉండెను. ఇట్టివారి చాదస్తము లేనిచో అదియు మిగిలియుండదు. ఈ ధ్వనికి గీతచిత్రములు జోడించి 2016లో బి.బి.సి.వారు విడుదల చేసిరి. తక్కిన రెండు భాగములకు మూలధ్వనియు లేదు.

అదే 2008లో మఱియొక విచిత్రము జరిగెను. మూడవ శ్రేణియందలి "రూమ్ ఎట్ ది బాటమ్" వర్ణములలో నిర్మింపబడినను దాని వర్ణటేపు నశించి, వర్ణరహితమైన ఫిల్ము ప్రతి మాత్రమే నిలిచెను. వర్ణసంకేతము తెరపై సన్నని చుక్కల వలె ఫిల్మున ముద్రితమైయుండుటను గుర్తించి, ఆ చుక్కలను గణకయంత్రముచే చదివించి మూలవర్ణములను తిరిగి రాబట్టిరి. ఇది చిత్రకారుడు అద్దిన రంగు గాదు. ఫిల్ము తనకు తెలియకయే దాచుకొనిన రంగు. డిసెంబరు 13న ఆ భాగము వర్ణములతో ప్రసారమైనది.

రేడియో రూపము, పునర్నిర్మాణము. 1974 నుండి 1976 వరకు హెరాల్డ్ స్నోడ్, మైఖేల్ నోల్స్ అను వారలు 67 భాగములను రేడియోకు అనువుగ మలచిరి. ఇందు లుప్తమైన మూడు కథలును కలవు, ముఖ్యనటులు పెక్కురు వారే. కాని అప్పటికి బెక్ గతించియుండుటచే వాకర్ గొంతు అన్యునిది. 2019 ఆగస్టులో గోల్డ్ చానలువారు మూడు కథలను క్రొత్తనటులతో తిరిగి నిర్మించిరి. కెవిన్ మెక్‌నాలీ మ్యానరింగ్‌గా, రాబర్ట్ బాథర్స్ట్ విల్సన్‌గా, తిమొతీ వెస్ట్ గాడ్‌ఫ్రేగా నటించిరి. పెర్రీ, క్రాఫ్ట్‌ల మూలరచన నిలిచియుండుటచేతనే ఇది సాధ్యమయ్యెను. ప్రయత్నము శ్లాఘనీయము, మూలమునకు ప్రతినిధి కాజాలదు.

ఇతర ధారావాహికలు. అమెరికాలో "మెక్‌హేల్స్ నేవీ" (1962-66), "హోగన్స్ హీరోస్" (1965-71) వంటి యుద్ధకాల హాస్యములు మొదటినుండియు ఫిల్ముపై తీయబడుటచే వానికి ఈ దురవస్థ కలుగలేదు. పెర్రీ, క్రాఫ్ట్‌లే దేవలాలీ శిబిరము నేపథ్యముగ రచించిన "ఇట్ ఎయింట్ హాఫ్ హాట్ మమ్" (1974-81) మఱియొక విధమైన గతిని పొందినది. దాని ప్రతులు కలవు, డిస్కులు విపణిలో దొరకును. కాని ఝాన్సీలో పుట్టిన ఆంగ్లేయుడు మైఖేల్ బేట్స్ ముఖమునకు రంగు పూసికొని రంగీరామ్ అను భారతీయునిగా నటించుట మొదలగు కారణములచే బి.బి.సి. దానిని పునఃప్రసారము చేయుట మానుకొనినది.