ఇంతకీ ఈ సైకిల్ ఏ ఊరిది?

ఆర్నెల్ల క్రితం అమ్మమ్మగారి ఊరు వెళ్ళినప్పుడు మూడు వేలు పెట్టి ఒక పాత సైకిల్ కొన్నాను. ఊరు అనంతగిరి మండలంలో ఉంది. అరకు దారిలో వచ్చే అనంతగిరి కాదండోయ్, వికారాబాద్ దగ్గరిదీ కాదు. కోదాడ పక్కన, 2016లో సూర్యాపేట జిల్లా ఏర్పడినప్పుడు కొత్తగా చేసిన మండలం. వరి పొలాలు, సాగర్ కాలవ నీళ్ళు తప్ప అక్కడ చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండవు. అందుకేనేమో, మూసేసిన ఒక సైకిల్ టాక్సీ షాపు వసారా మీద నా చూపు పడింది. (క్యాబ్ యాప్‌ల కాలం వాళ్ళ కోసం: సైకిల్ టాక్సీ అంటే గంటకింత అని సైకిళ్ళు అద్దెకిచ్చే షాపు. మనలో చాలామంది తొక్కడం నేర్చుకున్నది అక్కడి బండ్ల మీదే.)

కోళ్ళ గంప వెనకాల గోడకి ఆనించి ఉందది. నల్ల పెయింటు, దాని మీద ఆకుపచ్చ పెయింటు, దాని మీద మళ్ళీ నల్ల పెయింటు. హ్యాండిల్ కింద, ముందు గొట్టం మీద ఒక బిళ్ళ. బొటనవేలితో రుద్దితే కొంగ తల బయటపడింది. దాంతోపాటు "రాలీ, నాటింగ్‌హామ్, ఇంగ్లండ్" అన్న అక్షరాలు. నా గుండె ఝల్లుమంది.

షాపు తాతకి ఎనభై దగ్గర పడుతున్నాయి. "మా నాయన బెజవాడ నుంచి తెచ్చిండు బాబూ. రజాకార్ల గడబిడకు ముందు. అసలు ఇంగ్లండు బండి" అన్నాడు. మూడు వేలు అడిగాడు. బేరమాడబుద్ధి కాలేదు.

హైదరాబాద్ తెచ్చాక ఫోటో ఆఫీసు గ్రూపులో పెట్టాను. పాత సైకిళ్ళు పోగుచేసే కొలీగ్ ఒకాయన గంటలోపే ఫోన్ చేశాడు. "ఒరిజినల్ నాటింగ్‌హామ్ రాలీ అని తేలితే పాతిక వేలిస్తా" అన్నాడు. తేల్చే పని నా మీద పడింది. కోడ్ అయితే ఎవరు ఎప్పుడు మార్చారో లాగ్ చూసి చెప్పొచ్చు. సైకిల్‌కి లాగ్ ఎక్కడుంటుంది?

అక్కడక్కడా ఉంటుందని నిదానంగా తెలిసింది. మొదట చూడాల్సింది పెడల్ దగ్గరి పళ్ళ చక్రం. పాత బ్రిటిష్ కంపెనీలు చాలా వరకు తమ గుర్తుని ఆ చక్రంలోనే కోసేవి. రాలీకి మూడు కొంగ తలలు. హంబర్‌కి పరిగెత్తే మనుషుల బొమ్మలు, పైగా ముందు ఫోర్కు ఒక్కో వైపు రెండేసి కడ్డీలు. రడ్జ్‌కి తెరిచిన అరచెయ్యి. బీఎస్ఏకి ఆ మూడక్షరాలే. బీఎస్ఏ అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్, అసలు తుపాకుల కంపెనీ, అందుకే దాని గుర్తులో ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన మూడు తుపాకులుంటాయి. నా దాని చక్రంలో మూడు కొంగలూ భద్రంగా ఉన్నాయి. సగం పని అయిపోయిందనుకున్నాను.

తర్వాత ఏ ఏడాదిదో తేలాలి. బ్రిటిష్ సైకిళ్ళలో కొన్నిటికి వెనక చక్రంలో స్టర్మీ-ఆర్చర్ వాళ్ళ మూడు గేర్ల హబ్ ఉంటుంది, దాని డొప్ప మీద తయారైన సంవత్సరం గుద్ది ఉంటుంది. కానీ మన పల్లెల్లో తిరిగినవి చాలా వరకు గేర్లు లేని బండ్లు. నాదీ అంతే. పోనీ ఫ్రేము నంబరు చూద్దామా అంటే, రాలీ నంబర్లు ఒకే వరసలో పోలేదు, వేర్వేరు కాలాల్లో ఒకే రకం నంబర్లు పడ్డాయి. ప్రైమరీ కీ అనుకున్నది యూనిక్ కాదని రిలీజు ముందు రోజు తెలిస్తే ఎట్లా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు :)

ఇక మిగిలింది హ్యాండిల్‌కి తీగతో కట్టిన ఒక తుప్పు రేకు ముక్క. సైకిల్ లైసెన్సు బిళ్ళ. ఒకప్పుడు సైకిల్‌కి ఏటా పన్ను కట్టి ఇట్లాంటి బిళ్ళ తగిలించుకోవాల్సి వచ్చేది. బిళ్ళ లేకపోతే జరిమానా, రాత్రి దీపం లేకపోతే జరిమానా, డబుల్స్ తొక్కితే జరిమానా. మా నాన్న తరం వాళ్ళని కదిపితే ఇవన్నీ కథలు కథలుగా చెప్తారు. నా బిళ్ళ మీద ఊరి పేరు అరిగిపోయింది గానీ "58-59" అన్న అంకెలు చదవొచ్చు. అంటే బండి అప్పటికే ఉందన్నమాట. తాత మాట నిజమే అనుకుని సంబరపడ్డాను.

ఆయన మాటలో ఇంకో సంగతి కూడా ఉంది, ఆ ప్రాంతం చరిత్ర తెలిస్తేనే తగులుతుంది. 1946 నాటికి కోదాడ నిజాం రాజ్యం. దాటి ముందుకెళ్తే జగ్గయ్యపేట, అది మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లా. సరిహద్దు అక్కడితో అయిపోలేదు. కోదాడ నించి హైదరాబాదు వైపు వస్తే మళ్ళీ మునగాల పరగణా తగిలేది. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో ఈ ముక్క మాత్రం కృష్ణా జిల్లాది! అనంతగిరి పొరుగున ఉన్న నడిగూడెమే ఆ జమీందారీకి రాజధాని. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో పుట్టడానికి అండగా నిలబడిన నాయని వేంకట రంగారావు గారు ఆ మునగాల రాజాగారే. ఈ పరగణా నల్గొండ జిల్లాలో కలిసింది 1959లో.

అంటే అప్పట్లో సైకిల్ మీద ఒక పూట తిరిగితే రెండు మూడుసార్లు రాజ్యం మారేది. డబ్బూ మారేది. ఇటు హాలీ సిక్కా, అటు బ్రిటిష్ వాళ్ళ కల్దార్ రూపాయి. వంద కల్దార్లకి సుమారు 116 హాలీ రూపాయలు. బయటి సరుకు నిజాం రాజ్యంలోకి తేవాలంటే కరోడ్‌గిరీ వాళ్ళకి సుంకం కట్టాలి. బెజవాడలో సైకిల్ కొని ఊరికి తేవడమంటే మాటలు కాదు. 1947-48లో రజాకార్ల భయంతో జనం సరిహద్దు దాటి పోయినప్పుడు సైకిల్ ఉన్న ఇల్లు అదృష్టవంతుల ఇల్లే. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం బెజవాడ వైపు నించి వచ్చి పొద్దున్నే కోదాడ, మధ్యాహ్నానికి మునగాల చేరింది. ఆ ఇంట్లో ఈ సైకిల్‌ని "ఇంగ్లండు బండి" అని చెప్పుకోవడంలో ఎంత బరువుందో నాకు అప్పుడు అర్థమైంది.

ఇక అసలు పరీక్ష. నాటింగ్‌హామ్ రాలీ వాళ్ళది మొండితనం. పెడల్ ఇరుసు కప్పులు బిగించే చోట మిగతా బ్రిటిష్ కంపెనీలన్నీ అంగుళానికి 24 మర చుట్లు పెడితే వీళ్ళు 26 పెట్టారు. బయటి కప్పు పట్టదు, వాళ్ళ దగ్గరే కొనాలి. వెండర్ లాకిన్ మన కంపెనీలు కనిపెట్టింది కాదు లెండి. కాబట్టి మన బజారు కప్పు ఎక్కకపోతే అది నాటింగ్‌హామ్ ఫ్రేమే అనడానికి గట్టి ఆధారం.

తర్వాతి సెలవుల్లో సైకిల్‌ని కోదాడలో ఒక పాత మెకానిక్ దగ్గరకి తీసుకెళ్ళాను. కాటర్ పిన్నులు కొట్టి, పెడల్ కడ్డీలు లాగి, పాత కప్పు విప్పాడు. లూధియానా కప్పు ఒకటి తీసి వేళ్ళతో తిప్పాడు. నూనె రాసినట్టు చివరిదాకా వెళ్ళిపోయింది. "ఏ కప్పైనా పడుతుంది సార్, మామూలు ఫ్రేమే" అన్నాడు, నాకు శుభవార్త చెప్తున్నట్టు.

ఆ తర్వాత గానీ ముందే కనబడాల్సినవి కనబడలేదు. ఆ కాలపు రాలీ ఫోర్కు పైన అడ్డంగా గుండ్రటి గొట్టం, దాని రెండు కొసలకీ మెరిసే మూతలు ఉంటాయి. నా దానికి లేవు. కొంగ బిళ్ళని రివెట్లతో కాక చిన్న మరమేకులతో బిగించారు. ఇంటికొచ్చి సీటు కింది గొట్టాన్ని నీటి కాగితంతో ఓపిగ్గా రుద్దాను. ఆకుపచ్చ పోయింది, పాత నలుపు వచ్చింది, దాని మీద బంగారు రంగు అక్షరాల ముక్కలు. "హెర్క్యు..." అని ఒక చోట, కింద "మద్రాస్" అని.

హెర్క్యులిస్ కూడా ఇంగ్లండు పేరే. బర్మింగ్‌హామ్‌లో క్రేన్ సోదరులు 1910లో పెట్టిన కంపెనీ. 1946లో ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ చేతికి వెళ్ళింది. స్వాతంత్ర్యం వచ్చాక దిగుమతులు కష్టమయ్యేసరికి ఆ ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్, మన మురుగప్ప వాళ్ళు కలిసి 1949లో టీఐ సైకిల్స్ పెట్టారు. మద్రాసు పక్కన అంబత్తూరులో 1951 నించి హెర్క్యులిస్‌లు రావడం మొదలైంది. రాలీ కూడా అదే దారి పట్టి ఆసన్‌సోల్ దగ్గర సేన్-రాలీ అయింది. సోనీపత్‌లో అట్లాస్ 1951లో, లూధియానాలో హీరో 1956లో వచ్చాయి. ప్రపంచంలోనే ఎక్కువ సైకిళ్ళు చేసే కంపెనీగా హీరో 1986లో గిన్నిస్‌కి ఎక్కింది. అట్లాస్ చివరి ఫ్యాక్టరీ సాహిబాబాద్‌లో 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు, మూతపడింది.

ఇన్ని కంపెనీలు వచ్చినా మన పెద్ద సైకిల్ డిజైన్ మాత్రం మారలేదు. అదే 28 అంగుళాల చక్రం, అవే కడ్డీ బ్రేకులు, ముందు 32 పుల్లలు, వెనక 40. ఇంగ్లండు ఆ కొలతల్ని ఎప్పుడో వదిలేసింది, మనం వదల్లేదు. అందుకే ఎనభై ఏళ్ళ ఇంగ్లిష్ బండికి మన బజారు టైరు ఇవాళ్టికీ సరిపోతుంది. అక్కడ పాత రాలీలు బాగుచేసుకునేవాళ్ళు మన దేశపు టైర్లు వెతుక్కుని కొంటారు. బ్యాక్‌వర్డ్ కంపాటబిలిటీ అంటే ఇదీ.

సరే, 1951కి ముందు లేని ఫ్రేము 1946లో బెజవాడలో ఎట్లా కొన్నారు? తాత అబద్ధం చెప్పాడా? ఆ మనిషిని చూస్తే అట్లా అనిపించలేదు. అడగాలా వద్దా అని రెండు వారాలు తటపటాయించాను. తండ్రి జ్ఞాపకాన్ని "మీది డూప్లికేట్" అని కొట్టిపారేయడానికి నేనెవర్ని? అడక్కుండా కొలీగ్‌కి "బిళ్ళ ఉంది, చక్రం ఉంది" అని చెప్పి పాతిక వేలు తీసుకోవచ్చు కూడా. ఆ ఆలోచన రాలేదని చెప్తే అబద్ధమే అవుతుంది.

చివరికి వెళ్ళి అడిగాను. తాత ఏమాత్రం తడుముకోలేదు.

"ఫ్రేమా? అది ఇరిగింది గద బాబూ. కాల్వ నీళ్ళొచ్చిన కొత్తల. రెండు బస్తాల వడ్లు ఏసుకొని మిల్లుకు పోతుంటే గొట్టం కాడ తెగింది. మా నాయన మూడు రోజులు అన్నం సరిగ తినలే. కోదాడల పాత ఫ్రేము, ఫోర్కు దొరికితే తెచ్చి నేనే ఎక్కిచ్చిన. చక్రం, పెడళ్ళు, హ్యాండిలు పాతయే. బిళ్ళ ఊడబెరికి దీనికి పెట్టమన్నడు. నాకు రివెట్లు కొట్టరాక మరమేకులు ఏసిన."

నాగార్జునసాగర్ కాలవలకి నీళ్ళు వదిలింది 1967 ఆగస్టులో. అప్పుడాయనకి ఇరవయ్యేళ్ళుంటాయేమో. నేను పట్టుకున్న "క్లూ"లన్నిటికీ ఆయన దగ్గర ఒక్క నిమిషంలో జవాబు దొరికింది. 58-59 బిళ్ళ ఉన్నది పాత హ్యాండిల్‌కి, ఫ్రేముకి కాదు. బండి మొత్తానికి ఒకే పుట్టినరోజు ఉంటుందని నేను అనుకోవడమే తప్పు.

"మరి ఇంగ్లండు బండి అన్నావు కదా తాతా" అంటే ఆయన నావైపు వింతగా చూశాడు. "మరి ఇంగ్లండుదే గద. రిపేరు చేసినం, అంతే."

కొలీగ్‌కి ఉన్నదున్నట్టు చెప్పాను. "ఓహ్, మిక్స్‌డ్ పార్ట్సా, అయితే వద్దులే" అన్నాడు. ఆయన తప్పేం లేదు, సేకరించేవాళ్ళ లెక్కలు వాళ్ళకుంటాయి. కానీ ఆ లెక్కలో మారని బండికే విలువ. మన ఊళ్ళలో మారని బండి అంటే వాడని బండి. ధాన్యం మోసిన, బడికి పోయిన, అద్దెకి తిరిగిన సైకిల్ ఏదీ ఒరిజినల్‌గా మిగలదు. దాన్ని నిలబెట్టినవాళ్ళ పేర్లు ఏ బిళ్ళ మీదా ఉండవు. నాటింగ్‌హామ్ పేరుంది, మద్రాసు పేరుంది, మరమేకులు బిగించిన ఇరవయ్యేళ్ళ కుర్రాడి పేరు లేదు.

సైకిల్ ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉంది. ఆకుపచ్చ పెయింటు అక్కడక్కడా అట్లాగే వదిలేశాను. మరమేకులు మార్చలేదు. ఒక కాగితం మీద ఏ భాగం ఎక్కడిది, ఎప్పుడు మారింది, ఎవరు మార్చారు అని రాసి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి సీటు గొట్టంలోకి దోపాను. సైకిల్‌కి లాగ్ లేదన్నాను కదా, ఇప్పుడుంది.

మీ ఊళ్ళో అటక మీదో, పశువుల కొట్టంలోనో ఇట్లాంటి బండి ఒకటి ఉండే ఉంటుంది. పాత ఇనుప సామాన్ల వాడికి వేసే ముందు పళ్ళ చక్రం ఒకసారి తుడిచి చూడండి. దాన్ని తొక్కినవాళ్ళు ఇంట్లో ఇంకా ఉంటే, ఏ కంపెనీది అని కాదు, ఎప్పుడెప్పుడు విరిగింది అని అడగండి. నేను ఆ ప్రశ్న మొదటి రోజే అడిగుంటే ఆర్నెల్లు పట్టేది కాదు.