సరిహద్దు దాటి ఇంటికి వచ్చిన తెలుగు టెలివిజన్

ఈ భాగంలో తెలుగు ప్రైవేటు టెలివిజన్ ఆవిర్భావాన్ని పరిశీలిద్దాం. దీనిని వినోద చరిత్రగా మాత్రమే చూడకండి. ప్రసార తరంగాలు ఎవరి సొత్తు? ఇదే ఇందులోని అసలు ప్రశ్న.

1. చట్టపరమైన నేపథ్యం

1885 నాటి భారత టెలిగ్రాఫ్ చట్టం ప్రసారాలపై గుత్తాధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. వలస పాలకులు తమ అవసరం కోసం చేసిన ఈ ఏర్పాటు స్వాతంత్ర్యం తరువాతా కొనసాగింది. 1975-76లో ‘సైట్’ ప్రయోగం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు ఉపగ్రహ ప్రసారాలు అందాయి. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం ప్రారంభమైంది. ఇవన్నీ ప్రభుత్వ ప్రసారాలే.

2. విదేశం మీదుగా స్వదేశానికి

1991లో హాంకాంగ్ కేంద్రంగా స్టార్ టీవీ మొదలైంది. దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న ఉపగ్రహానికి దేశాల సరిహద్దులతో పనిలేదు. కేబుల్ ఆపరేటర్లు పెద్ద డిష్‌లతో ఆ సంకేతాలను పట్టి, తీగల ద్వారా ఇళ్లకు అందించారు. ప్రాంతీయ చానళ్లకూ ఇదే దారి అయింది. 1993లో తమిళంలో సన్ టీవీ, 1995లో తెలుగులో జెమిని టీవీ, అదే ఏడాది ఆగస్టు 27న రామోజీరావు స్థాపించిన ఈటీవీ వచ్చాయి.

ఇక్కడ ఒక వైచిత్రిని గమనించండి. కార్యక్రమాలు ఇక్కడివే, ప్రేక్షకులూ ఇక్కడివారే. కానీ మన నేల నుంచి ఉపగ్రహానికి సంకేతాలు పంపే అనుమతి అప్పట్లో ప్రైవేటు చానళ్లకు లేదు. అందువల్ల అవి విదేశీ గడ్డపై ఉన్న కేంద్రాలను ఆశ్రయించవలసి వచ్చింది. తెలుగు మాట తెలుగు ఇంటికి చేరడానికి దేశం దాటి రావలసి వచ్చిందన్నమాట. 1998లో వి.ఎస్.ఎన్.ఎల్. ద్వారా స్వదేశం నుంచే పంపే వీలు కలిగింది.

3. సుప్రీంకోర్టు తీర్పు

1995 ఫిబ్రవరి 9న, క్రికెట్ ప్రసార హక్కుల వివాదంలో, ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు ప్రకటించింది. ధర్మాసనంలో జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఒకరు. ప్రభుత్వ గుత్తాధిపత్యం తప్పయినంత మాత్రాన, తరంగాలు ప్రైవేటు యజమానుల సొంతం కావని ఆయన స్పష్టం చేశారు. తీర్పులోని ఈ రెండో సగాన్ని మనం తరచు మరచిపోతాం.

4. అడవి అంచు నుంచి చూస్తే

ఖమ్మంలోని ఖానాపురం హవేలిలో తీగ లాగి కనెక్షన్ ఇవ్వడం ఆపరేటర్‌కు సులువు, ఇళ్లు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి. భద్రాచలం అడవుల్లో విసిరేసినట్టుండే గూడేలకు తీగ లాగితే ఖర్చు గిట్టదు. ఇంటికో చిన్న డిష్ వచ్చాక ఈ చిక్కు కొంత తీరింది. నేడు సరిహద్దు ఆవల ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మాలో, ఒడిశాలోని మల్కన్‌గిరిలో ఉన్న ఇంటిపైనా డిష్ పెడితే తెలుగు చానల్ వస్తుంది. కానీ ఈ మూడు రాష్ట్రాల్లోనూ నివసించే కోయల మాట ఆ తెరపై వినిపించడం అరుదు. ప్రకటనదారులకు గిరాకీ లేని భాష అది. సరిహద్దులు చెరిపిన ఉపగ్రహం, మార్కెట్ గీసిన గీతను చెరపలేదు.

కాబట్టి ఈ చరిత్రను ప్రభుత్వ గుత్తాధిపత్యంపై ప్రైవేటు విజయంగా ముగించకండి. తరంగాలు ప్రజల ఆస్తి అయితే, ఆ ప్రజల్లో కోయ గూడెం కూడా ఉంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి: 1995 నాటి తీర్పు వెలుగులో, మీ ప్రాంతంలో చానళ్లకు ఎక్కని భాష లేదా యాస ఒకదాన్ని గుర్తించి, కారణాలను పది వాక్యాల్లో వివరించండి.