తెర మీద క్రీస్తు, తెర మీద సాతాను: మన ప్రాంతం నేర్చుకోవలసిన పాఠం



డిసెంబరు వస్తే మన కొల్లేటి ఊళ్ళలో సంఘపు యౌవనస్థులు ఒక మాట అడుగుతారు: "అయ్యగారూ, ఈసారి కరుణామయుడు సినిమా వేద్దామా?" వెంటనే పెద్దలలో ఒకరు, "సినిమాతో సువార్త ఏమిటి, వాక్యం చెప్పండి చాలు" అంటారు. ఇద్దరి మాటలోనూ న్యాయముంది. అందుకే ఈ సంగతిని చరిత్రలో వెదకి, వాక్యపు వెలుగులో పరీక్షించి మీ ముందు పెట్టాలని మేము తలంచాము.

మొదట చాలామందికి తెలియని ఒక విషయం. మన దేశపు సినిమా పుట్టుకలోనే క్రీస్తు కథ ఉంది. 1910-11 ప్రాంతంలో దాదాసాహెబ్ ఫాల్కే బొంబాయిలో ఒక విదేశీ మూకీ చిత్రం చూశారు. అది క్రీస్తు జీవితం. దానిని చూస్తుండగా, మన రాముడు, మన కృష్ణుడు ఇలా తెర మీదికి ఎప్పుడు వస్తారు అన్న ఆలోచన ఆయనను పట్టుకుంది. 1913లో రాజా హరిశ్చంద్ర విడుదలైంది. ఆ రోజులలోనే మన మచిలీపట్నానికి చెందిన రఘుపతి వెంకయ్య నాయుడుగారు బొమ్మల యంత్రంతో ఊరూరా తిరిగి ప్రదర్శనలు ఇచ్చారు. 1921లో ఆయన కుమారుడు ప్రకాశ్ భీష్మ ప్రతిజ్ఞ తీశారు. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద. అంటే క్రీస్తు చిత్రం చూసి కదిలిన మనసులో నుండి పౌరాణిక చిత్రం పుట్టింది. మరో అరవై ఏళ్ళకు ఆ పౌరాణికపు భాషలోనే క్రీస్తు చిత్రం తెలుగువారి దగ్గరికి తిరిగి వచ్చింది.

పౌరాణికం చూసే తెలుగువాడు ఎలా చూస్తాడో మనకు తెలుసు. 1957లో మాయాబజార్‌లో రామారావుగారు కృష్ణుడిగా కనబడితే జనం నటుడిని చూడలేదు, దేవుడిని దర్శించుకున్నామనుకున్నారు. హాలులో హారతులు పట్టారు, కొబ్బరికాయలు కొట్టారు. ఆ వేషంలో ఉన్న పటాలు ఇళ్ళలో గోడలెక్కాయి. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు ఫాల్గుణంలో జనం తరలి వెళ్ళే మన ప్రాంతంలో, దేవుడిని కళ్ళతో చూడాలన్న ఆశ ఎంత లోతైనదో చెప్పనక్కరలేదు. పొరుగువారి ఆ ఆశను ఎగతాళి చేసే హక్కు మనకు లేదు. "తండ్రిని మాకు చూపించు" అని అపొస్తలుడైన ఫిలిప్పు కూడా అడిగాడు కదా (యోహాను 14).

ఆ ఆశ ఉన్న జనం మధ్యకే 1978లో కరుణామయుడు వచ్చింది. దర్శకుడు ఎ. భీమ్‌సింగ్. ఆ ఏడాది జనవరిలోనే ఆయన కన్నుమూశారు. క్రీస్తుగా నటించినదీ, సినిమాను నిర్మించినదీ విజయచందర్‌గారు. ఆయన ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారి మనుమడు. మాటలు మోదుకూరి జాన్సన్‌గారివి. సిలువ మోసుకొని వెళ్ళే ఘట్టానికి ఆయన రాసి, బాలసుబ్రహ్మణ్యంగారు పాడిన పాట ఈనాటికీ మన గుడ్ ఫ్రైడే ఆరాధనలలో వినబడుతూనే ఉంది. పిలాతుగా కొంగర జగ్గయ్యగారు నటించారు. హిందువులు, క్రైస్తవులు కలిసి చేసిన పని అది. మిషనరీ దొరలు తెచ్చిన పటాలలోని యేసు, ఆ సినిమాలో అచ్చ తెలుగు మాట్లాడాడు. పల్లెలోని తల్లికి మన ఇంటి మనిషిలా అర్థమయ్యాడు.

ఆ సినిమా హాలులో ఆగిపోలేదు. హిందీలో దయాసాగర్ అయింది, ఇంకా అనేక భాషలలోకి వెళ్ళింది. జాన్ గిల్మన్ అనే అమెరికా సేవకుడి డేస్ప్రింగ్ ఇంటర్నేషనల్ సంస్థ దానిని సువార్త బృందాల చేతికిచ్చింది. 16 ఎం.ఎం. ప్రొజెక్టరు, జనరేటరు, రెండు గుంజల మధ్య కట్టిన తెల్ల తెర, ఇంతే వారి సామాను. 1979లో లూకా సువార్తను ఆధారం చేసుకొని వచ్చిన ఇంగ్లీషు జీసస్ చిత్రం కూడా అదే దారిలో నడిచింది. అది నేటికి రెండు వేలకు పైగా భాషలలో ఉంది.

అయితే బొమ్మతో బోధించవచ్చా అన్న ప్రశ్న సినిమాతో పుట్టింది కాదు. సుమారు 600వ సంవత్సరంలో మార్సెయిల్ పట్టణపు బిషప్ సెరేనుస్ తన మందిరంలోని చిత్రాలను పగులగొట్టించాడు. ప్రజలు వాటిని పూజిస్తున్నారని ఆయన బాధ. రోమా నగరపు గ్రెగరీ ఆయనకు ఉత్తరం రాశాడు. పూజించనియ్యకపోవడం మంచిదే గాని పగులగొట్టడం మంచిది కాదనీ, చదువురానివారు గ్రంథంలో చదవలేనిదాన్ని గోడ మీద చూసి నేర్చుకుంటారనీ దాని సారాంశం. తొమ్మిది వందల ఏళ్ళకు పైగా గడిచాక సంస్కరణ సంఘాలు ఈ వాదాన్ని ఒప్పుకోలేదు. 1563 నాటి హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి ఈ ప్రశ్ననే ఎత్తి, మూగ బొమ్మల ద్వారా కాదు, జీవముగల వాక్య ప్రకటన ద్వారానే దేవుడు తన ప్రజలకు బోధింపగోరుతున్నాడని జవాబిచ్చింది.

మన ప్రాంతానికి సువార్త వచ్చింది ఈ రెండవ దారినే. 1836లో ఇండియాకు వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు నరసాపురం ప్రాంతంలో పరిచర్య చేశాయి. 1841లో మచిలీపట్నం వచ్చిన ఫాక్స్, నోబుల్ దొరలలో ఒకరు వీధులలో ప్రకటిస్తే, మరొకరు 1843లో బడి తెరిచారు. పుస్తకము, బడి, కాలినడక: ఇవి వారి పనిముట్లు. ఫలం ఆలస్యంగా వచ్చింది, కాని నిలిచింది.

మరి సినిమా ఫలం సంగతి ఏమిటి? మొదట మంచి చెప్పుకుందాం. అక్షరం రాని ఎంతోమంది పెద్దవాళ్ళకు బేత్లెహేము నుండి గొల్గొతా వరకు వరుసగా తెలిసింది ఆ తెల్ల తెర వల్లనే. ప్రసంగంలో ముక్కలు ముక్కలుగా విన్నది అక్కడ ఒక కథగా కూడింది. మందిరం గడప తొక్కడానికి వెనుకాడేవారు కూడా వీధి చివర నిలబడి చూశారు. దీనిని తక్కువ చేయడం కృతఘ్నత అవుతుంది.

ఇక చిక్కు. సువార్తికులు నలుగురూ యేసు ముఖం ఎలా ఉంటుందో ఒక్క మాట కూడా రాయలేదు. యెషయా 53వ అధ్యాయమైతే మనం కోరుకొనే సొగసు ఆయనలో లేదని చెబుతుంది. సినిమాకు ముఖం తప్పనిసరి. ఆ ముఖం ఒక నటుడిది. అదే విజయచందర్‌గారు 1986లో షిరిడీ సాయిబాబాగా నటించారు, ఆ సినిమా కూడా జనం మెప్పు పొందింది. అందులో నటుడి తప్పేమీ లేదు, నటన ఆయన వృత్తి. కాని చూసేవారి లెక్క వేరు. ఒకే ముఖం ఇద్దరిలో కనబడితే, ఇద్దరూ ఒకటే అన్న భావం మాట లేకుండానే మనసులో కూర్చుంటుంది. క్రీస్తు ఒక్కడే మధ్యవర్తి అన్న సత్యం (1 తిమోతి 2:5) ముఖం చూస్తే తెలిసేది కాదు, ఎవరైనా కూర్చుని చెబితేనే తెలిసేది. చూడకయే ప్రేమిస్తున్నవారని పేతురు విశ్వాసులను గురించి రాసింది ఇందుకే (1 పేతురు 1:8).

ఇప్పుడు మన కైకలూరు మాటకు వద్దాం. కరుణామయుడు తరువాత రెండేళ్ళకు, 1980లో, బాపుగారు రాజాధిరాజు తీశారు. రచన ముళ్ళపూడి వెంకటరమణగారు. సంపూర్ణ రామాయణం, సీతా కళ్యాణం తీసిన జంట క్రీస్తు కథాంశం చేపట్టడమే ఒక విశేషం. అందులోనూ క్రీస్తు విజయచందర్‌గారే. సాతాను వేషం మాత్రం మన కైకలూరులో 1945లో పుట్టిన నూతన్ ప్రసాద్‌గారిది. ఇది పాత కాలపు యెరూషలేము కథ కాదు. సాతాను మన కాలపు మనుషుల మధ్యకు వచ్చి, తానే కొత్త దేవుడినని ఆడి పాడి చాటుకుంటాడు. ఆ సినిమాలో జనం ఎక్కువగా గుర్తుంచుకున్నది ఆ పాటే.

మేము దీనిని తేలికగా తీసుకోము. బాపు రమణలు, మన ఊరి నటుడు కలిసి ఆ వేషంలో ఒక వాక్య సత్యాన్ని పట్టుకున్నారు. కొమ్ములు, తోక ఉన్న సాతానును ఎవరూ ఇంట్లోకి రానివ్వరు. నవ్వించేవాడిని, చమత్కారంగా మాట్లాడేవాడిని పీట వేసి కూర్చోబెడతారు. సాతాను వెలుగుదూత వేషం వేసుకుంటాడని పౌలు హెచ్చరించాడు (2 కొరింథీ 11:14). అరణ్యంలో అతడు యేసును బెదిరించలేదు, రొట్టె గురించి మాట్లాడాడు, లేఖనాలు వల్లించాడు, రాజ్యాలు చూపించాడు.

అయితే తెర మీది సాతానుతో ఒక ప్రమాదం ఉంది. అతడు ఎప్పుడూ బయటివాడు. హాలులో కూర్చున్న మనం అతణ్ణి చూసి నవ్వుకొని ఇంటికి పోవచ్చు. యాకోబు పత్రిక అలా పోనివ్వదు: ప్రతివాడును తన సొంత దురాశ చేతనే ఈడ్వబడతాడు (1:14). కొల్లేటివారమైన మనకు ఇది వేరే చెప్పాలా? సరస్సు కడుపులో చేపల చెరువుల గట్లు ఒక్క రాత్రిలో లేవలేదు. కొద్దికొద్దిగా, లీజు డబ్బుతో, అందరూ చేస్తున్నారు కదా అన్న మాటతో లేచాయి. 2006లో ప్రభుత్వం అభయారణ్యం లోపలి గట్లను కొట్టించినప్పుడు కూలి మీద బ్రతికేవాడు కూడా ఏడ్చాడు. ఆ కథలో సాతాను ఎవరని వెదికితే ఏ ఒక్క ముఖమూ దొరకదు. మనందరి ఆశ దొరుకుతుంది.

ఇంకొక మాట. ఆ వేషం వేసిన నూతన్ ప్రసాద్‌గారు 1989లో షూటింగ్‌లో ప్రమాదానికి గురై నడక కోల్పోయారు. చక్రాల కుర్చీలో కూర్చునే నటన సాగించి 2011లో మరణించారు. వేషం వేసినవాడికి శిక్ష పడిందని చెప్పుకొనే నోళ్ళు ఎక్కడైనా ఉంటాయి. ఆ మాట క్రైస్తవుని నోట రాకూడదు. పుట్టుగ్రుడ్డివాని విషయమై శిష్యులు అటువంటి ప్రశ్నే అడిగితే యేసు దానిని త్రోసిపుచ్చాడు (యోహాను 9). క్రీస్తు వేషం వేసినవాడు క్రీస్తు కాడు, సాతాను వేషం వేసినవాడు సాతాను కాడు. ఇద్దరూ దేవుడు ప్రేమించిన మనుష్యులే.

కనుక సినిమా వేద్దామా అని అడిగే తమ్ముళ్ళకు మా జవాబు ఇది: వేయండి, కాని దానితో పని అయిపోయిందనుకోకండి. ఊరివారికి, పెద్దలకు ముందే చెప్పి, అనుమతి తీసుకొని వేయండి. ఇది యేసుప్రభువు కథ అని దాచకుండా చెప్పండి. తెర దించాక ఎంతమంది చేతులెత్తారో లెక్క రాసుకొని ఫోటో పంపడం పరిచర్య కాదు. ఐతియొపీయుడు చేతిలో గ్రంథం ఉండి కూడా, వివరించేవాడు లేకపోతే ఎలా గ్రహిస్తానన్నాడు. ఫిలిప్పు రథమెక్కి అతని ప్రక్కన కూర్చున్నాడు (అపొ. కార్యములు 8). సినిమా చూసి కళ్ళు తుడుచుకున్న ఆ పెద్దమ్మ గుమ్మానికి మర్నాడు ఎవరు వెళ్తారు? లూకా సువార్త తెరిచి, ఆమెకు చదువు రాకపోతే చదివి వినిపించేది ఎవరు? ఈ రెండు ప్రశ్నలకు మీలో ఇద్దరు ముగ్గురి పేర్లు దొరికితే ప్రొజెక్టరు తెప్పించండి. దొరకకపోతే ఈ ఏడాది ఆ ఇద్దరు ముగ్గురిని సిద్ధపరచడమే మన క్రిస్మస్ పని.

అలాగే పెద్దలకు ఒక మనవి. సినిమా వద్దన్నందువల్ల మన బాధ్యత తీరదు. వాక్యం చాలు అన్న మాట నిజమే. మరి ఆ వాక్యాన్ని మందిరం గోడలు దాటించి వీధి చివర నిలబడినవారికి అందేలా మనం చెబుతున్నామా? సిలువ వేయబడిన క్రీస్తును గలతీయుల కళ్ళ ఎదుట చిత్రించినట్టు ప్రకటించానని పౌలు చెప్పాడు (గలతీ 3:1). ఆయన దగ్గర తెర లేదు, ప్రొజెక్టరు లేదు. ఉన్నది నోటి మాట, దానికి తగిన బ్రతుకు.

జనం క్రీస్తు ముఖాన్ని చూడాలనుకుంటారు. మన ఊళ్ళలో వారు రోజూ చూసేది మన ముఖాలనే. వాటిలో ఆయన కనికరం కొంతైనా కనబడేలా ప్రభువు మనకు కృప దయచేయును గాక. ఆమేన్.