సిగరెట్ పెట్టె మీద ఉన్న ఫోన్ నంబర్ కథ

పోయిన నెల ఊరికెళ్ళినప్పుడు మా బాబాయ్ సిగరెట్ పెట్టె చేతిలోకి తీసుకుని చూశా. ఆ బొమ్మ, ఆ హెచ్చరిక మనకు తెలిసినవే. వాటితో పాటు ఒక నంబర్ కూడా ఉంది: 1800-11-2356. "దీనికి ఎప్పుడైనా ఫోన్ చేశావా బాబాయ్?" అన్నా. "చేస్తే ఏమంటార్రా? మానెయ్ అంటారు. అది మీ పిన్ని రోజూ చెప్తూనే ఉందిగా" అన్నాడు.

నవ్వొచ్చింది. కానీ ప్రశ్న మంచిదే. ఫోన్‌లో ఎవరో మాట్లాడితే సిగరెట్ మానేస్తారా? దీనికి జవాబు కావాలంటే కాలిఫోర్నియా వెళ్ళాలి.

1988లో అక్కడి ఓటర్లు ప్రపోజిషన్ 99 అనే చట్టానికి ఓటేశారు. పెట్టెకి 25 సెంట్లు పన్ను పెంచారు. వచ్చిన డబ్బులో కొంత పొగాకు వాడకం తగ్గించే పనులకు వెళ్ళింది. అలా 1992లో రాష్ట్రమంతటికీ ఒక ఉచిత హెల్ప్‌లైన్ మొదలైంది. అమెరికాలో ఒక రాష్ట్రం మొత్తానికి ఇలాంటిది అదే మొదటిది. నడిపింది శాన్ డియేగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ.

అసలు విషయం ఇక్కడుంది. మానేసినవాళ్ళలో చాలామంది మొదటి కొద్ది రోజుల్లోనే మళ్ళీ ముట్టిస్తారు. మరి వారానికోసారి మాట్లాడితే ఏం లాభం? అప్పటికే ఆలస్యం. అందుకే షు-హాంగ్ జూ అనే పరిశోధకుడి బృందం కాల్స్‌ని ముందుకు జరిపింది. మానేసిన మర్నాడు, తర్వాత 3వ రోజు, 7వ రోజు, 14వ రోజు, 30వ రోజు. ప్రమాదం ఎక్కువున్న చోట కాల్స్ దగ్గర దగ్గరగా పెట్టారన్నమాట.

ఇంకోటి, ఆ కాల్ చేసేది కౌన్సెలరే. ఎందుకంటే మళ్ళీ ముట్టించినవాడు సిగ్గుతో తనంతట తాను ఫోన్ చెయ్యడు కదా! ఫోన్‌లో నీతులు చెప్పరు. ఎప్పుడు మనసు లాగుతోంది? టీ తాగాకా, భోజనం అయ్యాకా? ఆ పది నిమిషాలు ఏం చేద్దాం? ఇలా ముందే ప్లాన్ వేసుకుంటారు.

మరి పనిచేసిందా? 3,030 మందిని లాటరీ పద్ధతిలో మూడు గుంపులు చేశారు. 1996లో ఫలితాలు వచ్చాయి. ఏడాది పాటు మానేసి ఉన్నవాళ్ళు, పుస్తకాలు మాత్రమే ఇచ్చిన గుంపులో 5.4 శాతం, ఒక్క కాల్ చేసిన గుంపులో 7.5, చాలా కాల్స్ చేసిన గుంపులో 9.9.

"నూటికి పదిమందేనా?" అనొచ్చు. నిజమే, ఇదేం మంత్రం కాదు. కానీ పుస్తకంతో పోలిస్తే దాదాపు రెట్టింపు. సిగరెట్ వదలడం ఎంత కష్టమో కూడా ఈ అంకెలే చెప్తున్నాయి.

2004లో అమెరికా మొత్తానికీ ఒకే నంబర్ వచ్చింది. మన దేశంలో 2016 మేలో ఢిల్లీ వల్లభ్‌భాయ్ పటేల్ చెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో క్విట్‌లైన్ మొదలైంది. 2018 సెప్టెంబర్ నుంచి ఆ నంబర్ పెట్టెల మీదకి ఎక్కింది. బెంగళూరు నిమ్‌హాన్స్ కూడా చేరాక దక్షిణాది భాషలకూ దారి దొరికింది. ఇక్కడ కూడా ఒకసారి మాట్లాడి వదిలెయ్యరు, వాళ్ళే మళ్ళీ ఫోన్ చేస్తారు.

బాబాయ్‌కి ఇదంతా చెప్పా. అంతా విని ఒక్కటే అడిగాడు: "తెలుగులో మాట్లాడతారా?" మాట్లాడతారు బాబాయ్.

ఆయన ఇంకా ఫోన్ చెయ్యలేదు. నేను మాత్రం ఒకటి నేర్చుకున్నా. మీ ఇంట్లో ఎవరైనా మానేస్తే, మూడో రోజున మీరే పలకరించండి. మళ్ళీ ముట్టించినా తిట్టొద్దు. "మళ్ళీ ఎప్పుడు మొదలెడదాం?" అని అడగండి చాలు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.