చెరువు, బావి – కంప్యూటర్ల కథ

లెక్కించుట మానవునకు కొత్త కాదు. లెక్కించు యంత్రమును ఎచ్చట నుంచవలెను, ఎవరి అధీనమున నుంచవలెను అను ప్రశ్న మాత్రము ఇరువదవ శతాబ్ది నడుమ పుట్టినది. కాలము దీనికి రెండు మారులు రెండు విధములైన సమాధానములు చెప్పినది.

1946లో ఫిలడెల్ఫియాలో లోకమునకు చూపిన ఎనియాక్ యంత్రమున సుమారు 18,000 వాల్వులుండెడివి. నాటి రేడియోలలో వెలిగినవియు ఆ జాతివే. సెకండునకు 5,000 కూడికలు చేయు ఆ యంత్రము పెద్ద గదిని నింపెను. అట్టిదానిని ప్రతి కార్యాలయమున నుంచుట అసాధ్యము. కావున పనియే యంత్రము కడకు పోవలసివచ్చెను. వెల రెట్టింపైనచో శక్తి నాలుగు రెట్లగునని హెర్బర్ట్ గ్రోష్ సూత్రీకరించెను. అనగా అనేకములైన చిన్న యంత్రముల కంటె పెద్ద యంత్రమొక్కటి మేలు. 1964లో ఐ.బి.ఎం. సంస్థ ప్రకటించిన సిస్టమ్ 360 మెయిన్‌ఫ్రేములు ఈ మార్గమునకు పరాకాష్ఠ.

ఆ మరుసటి యేడే గోర్డన్ మూర్ వేరొక సంగతి గమనించెను. ఒక చిప్పుపై ఇముడు భాగముల సంఖ్య ఏటేట రెట్టింపగుచున్నదనెను. 1975లో ఆ గడువును రెండేండ్లకు సవరించెను. 1971లో వెలువడిన ఇంటెల్ 4004 చిప్పున 2,300 ట్రాన్సిస్టర్లుండెను. చిన్న యంత్రము నానాటికి చౌకయై బల్లబల్లకు వచ్చినది. 1996 మార్చి 15న చివరి మెయిన్‌ఫ్రేము ఆగునని స్టువర్ట్ ఆల్సప్ అను పత్రికా రచయిత 1991లో జోస్యము చెప్పెను. ఆ తేది వచ్చి పోయినది. మెయిన్‌ఫ్రేములు నిలిచియే యున్నవి.

కారణమేమి? చిన్న యంత్రము విడిగా చౌకయే. వేలకొలది చేరి, ఒక్కొక్కటి ఒక్కొక్క పనికే కట్టుబడినపుడు, అవి చాలసేపు ఊరకుండియు విద్యుత్తును తినును. చల్లదనమును, కాపలాను కోరును. అమెరికా ప్రభుత్వపు కంప్యూటరు కేంద్రములు 1998లో 432. 2009 నాటికి 1,100 దాటినవి. 2010లో ఆ ప్రభుత్వము వానిని కుదింపబూనెను. అంతకు ముందే, 2007లో, ఐ.బి.ఎం. తన 3,900 సర్వర్ల పనిని సుమారు 30 మెయిన్‌ఫ్రేములపైకి చేర్చ సంకల్పించెను. ఒకే యంత్రమును పలు యంత్రములుగా భ్రమింపజేయు ఉపాయము దీనికి ఆధారము. అదియు కొత్తది కాదు. 1972 నాటి వి.ఎం. 370లోనే కలదు.

ఇట్లని మెయిన్‌ఫ్రేమే గెలిచినదనరాదు. 2012లో నాసా తన చివరి మెయిన్‌ఫ్రేమును ఆపివేసెను. యంత్రము పేరు ఏదైనను, చెదరిన పనిని ఒకచోటికి చేర్చుటయే నేటి పోకడ.

ఇది మన పల్లెలకు తెలిసిన విషయమే. ఇంటింటి బావి కంటె ఊరుమ్మడి చెరువు పొదుపు. కాని చెరువుకు గండి పడినచో ఆయకట్టంతయు ఎండును. 2017 మేలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ వారి కంప్యూటరు కేంద్రమున విద్యుత్తు తప్పగా సుమారు 75,000 మంది ప్రయాణికులు చిక్కుపడిరి. కావున ఆసుపత్రియో, బ్యాంకో, ప్రభుత్వమో తన లెక్కలన్నింటిని ఒకచోట చేర్చునపుడు, మిగులు సొమ్మెంత అని మాత్రమే అడిగిన చాలదు. గట్టును కాయువారెవరు, గండి పడిన నాడు నీరెచ్చటి నుండి వచ్చును అనియు ముందే అడుగవలెనని మా మనవి.