ఇరవై ఏడు వేలకూ నలభై వేలకూ మధ్య

పేపర్లో చేరిన కొత్తలో మాకు అప్పజెప్పిన మొదటి పని 'కనబడుటలేదు' ప్రకటనలు. ఉర్దూలో వస్తే తెలుగు చెయ్యాలి, తెలుగులో వస్తే ఉర్దూ చెయ్యాలి. పైన 'తలాష్-ఎ-గుమ్‌షుదా' అని పెట్టి, కింద వయసు, ఎత్తు, చామనఛాయ, ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు తొడుక్కున్న బట్టలు. ఇంటివాళ్లు అడ్రసు తప్పు రాస్తారు, తేదీ తప్పు రాస్తారు. చొక్కా రంగు దగ్గర మాత్రం తడబడగా మేం చూడలేదు. మా బడీ నానీ కూడా తడబడేది కాదు. ఖాకీ కోటు, తెల్ల పైజామా, నెత్తిన రూమీ టోపీ. యాభై ఏళ్లు అదే చెప్పింది. ఆ ప్రకటన మాత్రం ఏ పేపర్లోనూ అచ్చు కాలేదు.

బడీ నానీ అంటే మా అమ్మీకి పెద్దమ్మ. మాది జహీరాబాద్. ఇప్పుడంటే తెలంగాణ గానీ, 1956 దాకా అది బీదర్ జిల్లాలో తాలూకా. ఇంట్లో దక్ఖనీ, బజార్లో తెలుగు, సంతలో కన్నడం, మరాఠీ. బడీ నానీకి 1947లో నిఖా అయింది. ఆమె భర్త నిజాం సర్కారు కరోడ్‌గిరీలో, అంటే సరిహద్దు సుంకాల శాఖలో, చిన్న నౌకరు. ఉస్మానాబాద్ జిల్లాలో షోలాపూర్ వైపు ఉన్న ఒక నాకా మీద డ్యూటీ. 1948 ఆగస్టు చివర్లో ఇంటికొచ్చి వెళ్లాడు. అంతే.

సెప్టెంబర్ 13న భారత సైన్యం ఆ షోలాపూర్ వైపు నుంచే, నల్‌దుర్గ్ మీదుగా లోపలికొచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు. యుద్ధం అయిదు రోజుల్లో ముగిసింది. దాన్ని 'పోలీస్ యాక్షన్' అన్నారు. ఆ అయిదు రోజుల గురించి పుస్తకాలున్నాయి. ఆ తర్వాతి వారాల గురించే మన ఇళ్లల్లో మాటలు ఆగిపోతాయి.

ఆ వారాల గురించి చెప్పేముందు ఇంకోటి కూడా చెప్పాలి, లేకపోతే మేం రాసేదానికి విలువ లేదు. ఖాసిం రజ్వీ రజాకార్లు ఊళ్ల మీద పడి తగలబెట్టారు, చంపారు. భైరాన్‌పల్లి మన నల్లగొండ నేల మీదే జరిగింది. రజాకార్లకి ఎదురు రాసిన పాపానికి 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ని 1948 ఆగస్టులో హైదరాబాద్ నడివీధిలో నరికేశారు. మా వృత్తివాడు, మా మతంవాడు. రజాకార్ల చేతిలో పోయినవాళ్ల ఇళ్లల్లో కూడా తిరిగిరాని కొడుకులున్నారు. అయితే ఆ లెక్క తీర్చినప్పుడు తీర్చింది రజ్వీ మీద కాదు. అతను జైలుకెళ్లాడు, విడుదలయ్యాడు, 1957లో పాకిస్తాన్ వెళ్లిపోయాడు. తీర్చింది నాకా మీద రసీదులు రాసేవాళ్ల మీద, దూదేకుల మీద, గాజులమ్ముకునేవాళ్ల మీద.

నెహ్రూ పంపగా పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ 1948 నవంబర్ 29 నుంచి డిసెంబర్ 21 దాకా తిరిగారు. పదహారు జిల్లాల్లో తొమ్మిది చూశారు. తక్కువలో తక్కువగా చెప్పినా 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు పోయాయని రాశారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్, ఈ నాలుగు జిల్లాల్లోనే 18 వేలకు తగ్గదన్నారు. ఔరంగాబాద్, బీడ్, నల్లగొండ, మెదక్ కలిపి కనీసం 5 వేలు. శవాలతో నిండిన బావుల సంగతి రాశారు. లాతూర్‌లో పది వేల మంది ముస్లింలుండేవారట. వీళ్లు వెళ్లేసరికి మిగిలింది మూడు వేలు. వెయ్యికి పైగా చంపబడ్డారు, మిగతావాళ్లు పారిపోయారు. ఆ నివేదికని సర్కారు అచ్చెయ్యలేదు. దశాబ్దాల తర్వాత దాని భాగాలు పరిశోధకుల చేతికొచ్చాయి. 2013లో ఢిల్లీలో నెహ్రూ స్మారక గ్రంథాలయంలో చూడ్డానికి వీలైంది. బడీ నానీ అప్పటికి పోయి తొమ్మిదేళ్లు.

మొదటిసారి ఆ నివేదిక చదివినప్పుడు మేం ఒక్క అంకె దగ్గరే ఆగిపోయాం. 27 వేలా, 40 వేలా? మధ్యలో 13 వేలు. చరిత్రకారులకి అది అంచనాలో తేడా. మాకు మాత్రం అది ఒక ఊరు. మా బడే నానా ఆ ఊళ్లోనే ఉన్నాడు. బావిలోంచి తీసినవాళ్లకి పేర్లు రాయలేదు, పేర్లున్నవాళ్లకి శవాలు దొరకలేదు. ఈ రెండు చిట్టాల్నీ పక్కపక్కన పెట్టి చూసే పని ఎవరూ చెయ్యలేదు.

ఠాణాకి వెళ్లి 'మా మనిషి కనబడటం లేదు' అని ఎందుకు చెప్పలేదని ఇవాళ్టి పిల్లలు అడుగుతారు. ఎలా చెప్తారు? అప్పుడు లెక్క తేలని ముస్లిం మగాడికి రెండే పేర్లు. ఒకటి రజాకార్. రెండోది పాకిస్తాన్ పారిపోయినవాడు. మొదటిదైతే ఇంట్లో మిగిలిన మగాళ్లని పట్టుకెళ్తారు. రెండోదైతే ఇల్లు పోతుంది. పాకిస్తాన్ వెళ్లినవాళ్ల ఆస్తిని స్వాధీనం చేసుకునే చట్టం 1950లో వచ్చింది. మావాళ్ల గడపలోకి కూడా ఒక ఆఫీసు మనిషి కాగితం పట్టుకొచ్చాడట. మనిషి చచ్చాడని రుజువు చెయ్యలేనివాళ్లు, అతను కరాచీలో లేడని రుజువు చెయ్యాల్సొచ్చింది. లేనివాడు ఎక్కడ లేడో చెప్పమంటే ఎవరు చెప్పగలరు!

ఇక షరియత్. తప్పిపోయినవాణ్ని 'మఫ్ఖూద్' అంటారు. మన హనఫీ ఫిఖాలో పాత మాట ఏమిటంటే అతని ఈడువాళ్లంతా పోయేదాకా, కొందరి లెక్కన అతనికి తొంభై ఏళ్లు నిండేదాకా, బతికున్నట్టే. 1930ల తొలి ఏళ్లలో మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ లాంటివాళ్లు ఆడవాళ్ల గోస చూసి మాలికీ మార్గం పట్టి నాలుగేళ్లన్నారు. 1939లో బ్రిటిష్ ఇండియాలో వచ్చిన నిఖా రద్దు చట్టంలోకి అదే ఎక్కింది. నాలుగేళ్లు ఆచూకీ లేకపోతే భార్య కోర్టుకెళ్లొచ్చు. పోయినవాడి వారసులకి నోటీసులివ్వాలి, అతని బాబాయినీ తమ్ముణ్నీ కక్షిదారుల్ని చెయ్యాలి, డిక్రీ వచ్చాక కూడా ఆర్నెల్లు ఆగాలి, ఎందుకంటే అతను తిరిగిరావచ్చు. దారి ఉంది, కాదనం. గోషా దాటని పద్దెనిమిదేళ్ల పిల్ల ఆ దారిన ఎవరి చెయ్యి పట్టుకుని నడవాలి? పిలవాల్సింది అత్తగారింటివాళ్లనే కదా.

బడీ నానీ ఇద్దత్ కూర్చోలేదు. నాలుగు నెలల పది రోజులు ఎప్పట్నుంచి లెక్కపెట్టాలి? కాలీ పోత్ లచ్ఛా మెళ్లోంచి తియ్యలేదు. హనఫీల్లో ఎదురుగా జనాజా లేకుండా జనాజా నమాజు లేదు, కాబట్టి అదీ లేదు. షబ్-ఎ-బరాత్‌కి హల్వా చేసి పోయినవాళ్ల పేర్లన్నీ చదివి ఫాతెహా ఇచ్చేవాళ్లు. ఆ పేరు దగ్గరికొచ్చేసరికి చదివేవాళ్లు ఒక్క క్షణం ఆగి తర్వాతి పేరుకి వెళ్లేవాళ్లు. చిన్నప్పుడు ఆ ఆగడం దువాలో భాగమనుకున్నాం.

ఆమెకి కూతురు. తండ్రి పోయాక అయిదు నెలలకి పుట్టింది. పోయాక అని ఇప్పుడు మేం రాస్తున్నాం, వాళ్లింట్లో ఆ మాట అనేవారు కాదు. 1957లో ఆ పిల్ల తాత చనిపోయాడు. పొలం పంపకానికొచ్చింది. తాతకంటే ముందే తండ్రి చనిపోయి, బాబాయిలు బతికుంటే మనవరాలికి వాటా రాదు, 'మహ్జూబ్' అంటారు. మఫ్ఖూద్ సంగతి మరీ విచిత్రం. తన ఆస్తి విషయంలో అతను బతికున్నట్టు, ఇతరుల ఆస్తి విషయంలో చచ్చినట్టు. కాబట్టి అతని ఆస్తి పంచడానికి వీల్లేదు, అతనికి రావలసింది చేతికివ్వడానికీ వీల్లేదు, పక్కన పెట్టాలి. కాగితం మీద పక్కనే పెట్టారు. పొలంలో బాబాయిలు జొన్నలేసుకున్నారు. సర్కారు చట్టంలో ఏడేళ్లు కబురు లేకపోతే చనిపోయినట్టు భావించవచ్చు. 1872 నాటి సాక్ష్య చట్టంలో ఉన్నమాట, 2024లో కొత్త చట్టం వచ్చినా మారలేదు. చనిపోయాడని మాత్రమే భావిస్తారు, ఎప్పుడన్నది రుజువు చేసుకోవాలి. ఆ పిల్లకి కావలసింది ఆ 'ఎప్పుడు'.

1966లో ఆ పిల్ల నిఖా. రుఖ్ఖా మీద తండ్రి పేరు వేశారు, ముందు 'మర్హూమ్' లేదు. తండ్రి ఉంటే వలీ తండ్రే. ఖాజీ అడిగితే పెద్దబాబాయి ముందుకొచ్చాడు. పొలం దున్నుకుంటున్న బాబాయే.

ఇది మగాళ్ల సంగతి. ఆ నివేదికలోనే ఆడవాళ్లని ఎత్తుకుపోయిన సంగతీ ఉంది, షోలాపూర్, నాగపూర్ దాకా. పోయిన మగాడి గురించి ఇంట్లో కనీసం టోపీ రంగు చెప్పుకున్నాం. ఆ ఆడపిల్లల పేర్లు ఏ ఇంట్లోనూ మాకు వినబడలేదు. పరువు కోసం మనమే వాళ్లని రెండోసారి తప్పిపోయేట్టు చేశాం. ఈ మాట మీద మావాళ్లకి కోపం వస్తుందని తెలుసు.

కశ్మీరులో భర్తలు మాయమైన ఆడవాళ్లకి 'సగం వితంతువులు' అని పేరొచ్చింది. 1994లో పర్వీనా ఆహంగర్ అనే తల్లి అలాంటివాళ్లని కూడగట్టి వీధిలో కూర్చోబెట్టింది. 2013 డిసెంబర్‌లో అక్కడి ఉలేమాలు నాలుగేళ్ల తర్వాత మళ్లీ నిఖా చేసుకోవచ్చని చెప్పారు. ఆ వార్త ఉర్దూ నుంచి తెలుగు చేస్తుంటే మాకు అసూయలాంటిది కలిగింది. వాళ్లకి కనీసం ఒక పేరుంది. జహీరాబాద్‌లో, హుమ్నాబాద్‌లో, ఉద్గీర్‌లో అలాంటి ఆడవాళ్లు ఏ పేరూ లేకుండా ముసలివాళ్లయిపోయారు.

బడీ నానీ 2004లో పోయింది. మరణం నమోదు చేయించడానికి మా నానీనీ, మామూనీ తీసుకుని మేమే వెళ్లాం. గుమాస్తా మంచివాడు, నానీకి కుర్చీ వేశాడు. ఫారంలో భర్త పేరు దగ్గరికొచ్చి కలం ఆపి, "ముందు లేట్ అని రాయాలా సార్?" అన్నాడు. మామూ మమ్మల్ని చూశాడు. మేం నానీని చూశాం.

నానీ అంది: "నామ్ లిఖో బేటా. ఆగే కుచ్ నక్కో లిఖో."